వాల్సింగ్‌హామ్: కూలిన మఠము, చెరగని బాట

ఇంగ్లండు దేశచరిత్రను బోధించు పాఠ్యగ్రంథములలో ఒక వాక్యము తరచుగా కానవచ్చును. ఎనిమిదవ హెన్రీ పోపుతో తెగతెంపులు చేసికొని, మఠములను రద్దుపరచి, వాని ఆస్తులను స్వాధీనము చేసికొనెను అని దాని సారాంశము. విద్యార్థి ఆ వాక్యమును కంఠస్థము చేయును, పరీక్షలో వ్రాయును, మార్కులు పొందును. 1536 మొదలు 1540 వరకు సుమారు 800 మఠములు మూతపడిన సంగతి ఆ యొక్క వాక్యములో అణగియున్నదని అతనికి తెలియదు. ఆ మఠముల గోడల వెలుపల ఎందరు సామాన్యుల జీవితము వానితో పెనవేసికొని యుండెనో అతనికి తోచనే తోచదు. తప్పు విద్యార్థిది కాదు. రాజు చేసిన పనిని చెప్పి, ప్రజలు తలచుకొనిన దానిని విడిచిపెట్టుట మన చరిత్రబోధనకు అలవాటైన మార్గము.

ఆ 800 మఠములలో ఒక్కదానిని తీసికొని పరిశీలించినచో ఈ లోపము స్పష్టమగును. నార్‌ఫోక్ మండలములో, ఉత్తర సముద్రతీరమునకు కొద్ది మైళ్ల లోపల, వాల్సింగ్‌హామ్ అను చిన్న గ్రామము కలదు. మధ్యయుగములో అది ఇంగ్లండు దేశమునకంతకును ప్రసిద్ధమైన మరియమాత క్షేత్రము. అచ్చటి మఠమునకు ప్రయరీ అని పేరు. ప్రయర్ అను అధిపతి పాలనలో నుండుటచే ఆ పేరు కలిగినది. ఈ క్షేత్రమును కట్టినవారెవరు, కూల్చినవారెవరు అను ప్రశ్నలకంటె, దానిని నిలిపినవారెవరు అను ప్రశ్న ముఖ్యమని నా అభిప్రాయము. దాని వారసత్వము రాళ్లలో కంటె బాటలో ఉన్నదనియు, రాజుల దానపత్రములలో కంటె పేరు తెలియని యాత్రికుల పాదములలో ఉన్నదనియు ఈ వ్యాసములో చూప ప్రయత్నింతును.

ముందుగా స్థలపురాణము. 1061లో రిచెల్డిస్ అను ధనిక వితంతువునకు మరియమాత దర్శనమిచ్చి, నజరేతులోని తన ఇంటిని చూపి, దాని కొలతలు తీసికొని అటువంటి గృహమును వాల్సింగ్‌హామ్‌లో నిర్మింపుమని ఆదేశించెనట. వడ్రంగులు ఎన్నుకొనిన చోట ఎంత శ్రమించినను పని సాగలేదట. రాత్రి గడచి తెల్లవారునప్పటికి ఆ గృహము మరియొక చోట, మానవులు కట్టజాలనంత చక్కగా, నిలిచియుండెనట. కట్టదలచిన చోట కట్టలేకపోవుట, దైవము తన చోటును తానే ఎన్నుకొనుట మన క్షేత్రకథలలోను తరచుగా వినవచ్చు విషయమే గనుక తెలుగు పాఠకునకు ఇందు వింత ఏమియు లేదు.

అయితే ఈ కథకు ఆధారమేది? 15వ శతాబ్ది చివర రిచర్డ్ పిన్సన్ అను ముద్రాపకుడు అచ్చువేసిన ఒక పద్యకృతి. అనగా కథ చెప్పు కాలమునకును, కథ జరిగినదను కాలమునకును నడుమ నాలుగు శతాబ్దుల ఎడము కలదు. రిచెల్డిస్ వాస్తవముగా 12వ శతాబ్దికి చెందియుండునని పలువురు చరిత్రకారులు తలంచుచున్నారు. ఆమె కుమారుడు జెఫ్రీ సుమారు 1153 ప్రాంతమున అగస్టీనియన్ నియమమును పాటించు కానన్లకు ఈ స్థలమును అప్పగించిన పిదప మఠము ఏర్పడినది. కానన్లనగా సన్న్యాసులవలె సమష్టి నియమమున జీవించుచు, గురువులుగా పూజాదికములను నిర్వహించువారు. నమ్మకముగా చెప్పదగిన చరిత్ర ఇచ్చటినుండి ఆరంభమగుచున్నది.

మరి 1061 అను సంవత్సరమును ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? కొందరు దానిని ఋజువైన తేదీవలె చెప్పుదురు. కొందరు కట్టుకథయని నవ్వి త్రోసివేయుదురు. రెండును తప్పే. తమ క్షేత్రమును గూర్చి ఆ ప్రజలు ఏమి విశ్వసించిరో ఆ కథ తెలుపును. ఆ విశ్వాసము నిజముగా ఉండెననుటలో సందేహము లేదు. దానిని నమ్మి వేలమంది నడచిరి. ఆ నడకయే చరిత్ర. కథను కథగాను, పత్రమును పత్రముగాను, వేనికి దక్కవలసిన గౌరవమును వానికి దక్కునట్లు బోధించుటయే సరియైన మార్గము.

ఆ పవిత్ర గృహము గొప్ప భవనము కాదు. 1479లో విలియం వర్సెస్టర్ అను యాత్రికుడు దానిని కొలిచి వ్రాసికొనెను. పొడవు 23 అడుగుల 6 అంగుళములు. వెడల్పు 12 అడుగుల 10 అంగుళములు. మన పల్లెలలో ఒక సామాన్య కుటుంబము నివసించు ఇల్లు ఇంతకంటె చిన్నదేమియు కాదు. ఈ కొయ్య ఇంటికి రక్షణగా చుట్టును రాతిమందిరము, దాని ప్రక్కను మఠముయొక్క మహాదేవాలయము వెలసినవి. 1226లో మూడవ హెన్రీ వచ్చినది మొదలు ఇంగ్లండు రాజులు వరుసగా ఈ క్షేత్రమును దర్శించిరి. 1347లో ఫ్రాన్సిస్కన్ సాధువులకు ఎలిజబెత్ డి బర్గ్ అను ప్రభుపత్ని ఇచ్చట స్థలమిచ్చినప్పుడు కానన్లు అభ్యంతరము తెలిపిరి. యాత్రికుల కానుకలు రెండుగా చీలునేమో అని వారి భయము. క్షేత్రములలో భక్తితోపాటు లెక్కలును ఉండుట ఏ దేశమునకును క్రొత్త కాదు.

రాజుల రాకపోకలు పత్రములలో నున్నవి. సామాన్యుల రాకపోకలకు సాక్ష్యములు వేరు. యాత్రికులు గుర్తుగా కొని వస్త్రములకు తగిలించుకొనిన చిన్న సీసపు, తగరపు బిళ్లలు ఇంగ్లండులో పలుచోట్ల మట్టిలోనుండి బయటపడినవి. ఆకాశమున కానవచ్చు పాలపుంతను ఆ ప్రాంతపు జనులు వాల్సింగ్‌హామ్ బాటయని పిలిచెడివారట. మన పల్లెజనులు చుక్కల తెల్లని చారను చూచి పాలవెల్లియనిరి; వారు అదే చారను చూచి తమ క్షేత్రమునకు దారి చూపు గుర్తనిరి. ఒక క్షేత్రము ప్రజల మనస్సులో ఎంత లోతుగా నాటుకొనినదో తెలిసికొనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఆ బాటలో, క్షేత్రమునకు మైలు దూరమున, హౌటన్ సెయింట్ గైల్స్ అను చోట 14వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా కాతరీన పేర ఒక చిన్న మందిరము కట్టబడినది. యాత్రికులు అచ్చట పాదరక్షలు విడిచి తక్కిన మైలును వట్టికాళ్లతో నడచెడివారని సంప్రదాయము. అందుచేత దానికి స్లిప్పర్ చాపెల్, అనగా చెప్పుల మందిరము, అను పేరు స్థిరపడినది. పాఠకులు ఈ చిన్న మందిరమును గుర్తుంచుకొనవలెను. మహాదేవాలయము చేయలేని పనిని తరువాత ఇదియే చేసినది.

మఠమునకు దోషములు లేకుండెనని నేను చెప్పజాలను. 1514లో నార్విచ్ బిషప్ జరిపిన విచారణలో అప్పటి ప్రయర్ కానుకల సొమ్మును దుర్వినియోగము చేసెననియు, అతని నడవడి బాగుగ లేదనియు ఆరోపణలు వెలువడెను. అతడు పదవిని వీడవలసివచ్చెను. ఆ కాలపు మహాపండితుడు ఎరాస్మస్ ఈ క్షేత్రమును స్వయముగా దర్శించి, తరువాత 1526లో వెలువడిన తన సంభాషణగ్రంథమొకదానిలో అచ్చటి బంగారు వెండి తళతళలను, పవిత్రావశేషములను చూపు తీరును చమత్కారముగా ఎత్తిపొడిచెను. అయితే అదే ఎరాస్మస్ 1512లో మరియమాతకు గ్రీకుభాషలో ఒక స్తుతిపద్యమును వ్రాసి సమర్పించెనని మరువరాదు. అతడు పరిహసించినది భక్తిని కాదు, భక్తి పేర జరుగు వ్యాపారమును. విమర్శ వేరు, విధ్వంసము వేరు. ఎరాస్మస్ మొదటిది చేసెను. హెన్రీ రెండవది చేసెను.

హెన్రీ విషయము విచిత్రమైనది. 1511 జనవరి మొదటి తేదీన అతనికి కుమారుడు జన్మించెను. కృతజ్ఞతగా రాజు వాల్సింగ్‌హామ్ యాత్ర చేసెను. కడపటి దూరము వట్టికాళ్లతో నడచెనని చెప్పుదురు. ఆ శిశువు రెండు నెలలైనను నిండకుండ మరణించెను. అయినను రాజు అచ్చటి మందిరపు గవాక్షములకు అద్దములు పెట్టించుటకు ధనమిచ్చెను. అతని పేర అచ్చట నిత్యము ఒక వత్తి వెలుగుచుండెను. దాని ఖర్చు రాజగృహపు లెక్కలలో ఏటేట వ్రాయబడుచుండెను. అతడు పరిత్యజించిన రాణి కాతరీన 1536లో చనిపోవుచు, ఎవరైన ఒకరు తన కొరకు వాల్సింగ్‌హామునకు యాత్ర చేసి, దారిలో 20 నోబిల్ నాణెములను దానము చేయవలెనని కోరెను. సింహాసనము పోయినను, సంసారము చెడినను, ఆ బాట ఆమె మనస్సునుండి పోలేదు.

1535లో రాజు జరిపించిన ఆస్తుల గణనలో, ఈ క్షేత్రమునకు వచ్చు కానుకలే ఏడాదికి 250 పౌనులకు మించినవని తేలెను. అది అపారమైన ధనము. ఆ లెక్కను చూచినవారికి భక్తి కనబడలేదు, పైకము కనబడినది. 1537లో మఠమును రద్దుచేయుదురను భయముతో ఆ గ్రామప్రాంతపు జనులు కొందరు తిరుగుబాటు తలపెట్టిరను నేరముపై పట్టుబడిరి. ఆ సంవత్సరమే 11 మందికి మరణశిక్ష అమలైనది. వారిలో ఉపప్రయర్ నికొలస్ మైల్‌హామ్ ఒకడు. ప్రయర్ రిచర్డ్ వోవెల్ మాత్రము రాజోద్యోగులకు అనుకూలుడై నడచెను. 1538 జూలైలో మరియమాత ప్రతిమను లండనుకు కొనిపోయిరి. అది చెల్సీయందు దగ్ధము చేయబడినది. ఆగస్టు 4న ప్రయర్ మఠమును రాజునకు అప్పగించెను. అతనికి ఏటికి 100 పౌనుల భరణము దొరకినది. మఠపు స్థలము థామస్ సిడ్నీ అను వానికి 90 పౌనులకు అమ్ముడుపోయినది. ఏటికి 250 పౌనులు కానుకలుగా వచ్చిన చోటు 90 పౌనులకు పోయినదనిన, అచ్చటి విలువ స్థలమునందు లేదనియు, నడచివచ్చిన మనుష్యులయందే ఉన్నదనియు ఆ బేరమే చాటుచున్నది. రాజగృహపు లెక్కలలో ఆ ఏటి శరత్కాలమున, రాజు వెలిగించెడి వత్తి పద్దు కెదురుగా సున్న వ్రాయబడినది.

రాజు కథ ఆ సున్నతో ముగిసినది. ప్రజల కథ ముగియలేదు. 1540 జనవరిలో సర్ రోజర్ టౌన్‌షెండ్ అను స్థానికాధికారి మంత్రి క్రామ్‌వెల్‌కు ఒక లేఖ వ్రాసెను. వాల్సింగ్‌హామ్ సమీపమున వెల్స్ అను ఊరి పేదరాలొకతె, ప్రతిమను లండనుకు తరలించిన తరువాత కూడ అది ఒక మహిమ చూపెనని చెప్పుకొనుచుండెనట. ఆ మాట పుట్టినది ఆమెనోటనేయని విచారణలో తేల్చి, సంతరోజున ఉదయము, తీవ్రమైన చలిలో, ఆమెను బొండకొయ్యలో బిగించిరి. అబద్ధములు చెప్పునదని వ్రాసిన కాగితము తలకు చుట్టి, బండిపై సంతవీథుల త్రిప్పిరి. కుఱ్ఱవాండ్రు ఆమెపై మంచుముద్దలు విసరిరి. ఇంత చేసినను, ఆ ప్రతిమ ఇంకను కొందరి తలలలోనుండి పోలేదని తాను గ్రహించినట్లు ఆ అధికారియే లేఖలో ఒప్పుకొనెను.

వాల్సింగ్‌హామ్ చరిత్రలో నన్ను మిక్కిలి కదలించిన ఘట్టమిది. ప్రయర్ భరణము పుచ్చుకొనెను. కొనుగోలుదారు స్థలము పుచ్చుకొనెను. పేదరాలు మంచుముద్దలు పుచ్చుకొనెను. క్షేత్రపు వారసత్వము ఆ ముగ్గురిలో ఎవరికి సంక్రమించినదో చెప్పుట కష్టము కాదు. ఆమె చెప్పిన మహిమ నిజమా కాదా అనునది వేరు ప్రశ్న. అధికారము ఒక వస్తువును కాల్చగలదు. ఒక నోటిని మూయగలదు. అయినను తలచుకొనువాని తలలోనికి ప్రవేశింపజాలదని ఆమెను శిక్షించినవాని వ్రాతయే సాక్ష్యమిచ్చుచున్నది.

తరువాతి మూడున్నర శతాబ్దుల వృత్తాంతమును త్వరగా చెప్పవచ్చును. మహాదేవాలయపు రాళ్లు తరలిపోయినవి. తూర్పుగోడయొక్క ఉన్నతమైన తోరణము మాత్రము ఆకాశమునకెదురుగా నిలిచినది, నేటికిని నిలిచియున్నది. చెప్పుల మందిరము ఒకప్పుడు పేదల వసతియైనది, ఒకప్పుడు కమ్మరికొలిమియైనది, ఒకప్పుడు పశువుల కొట్టమైనది. పనికివచ్చినది గనుక దానిని ఎవరును పడగొట్టలేదు. గొప్పదగుటచే పెద్దది కూలినది. చిన్నదగుటచే చిన్నది మిగిలినది.

19వ శతాబ్ది చివర షార్లట్ బోయ్డ్ అను మహిళ తన స్వంత ధనముతో ఆ కొట్టమును కొని, బాగుచేయించి, బెనెడిక్టైన్ సన్న్యాసులకు అప్పగించెను. 1897 ఆగస్టు 20న యాత్ర తిరిగి మొదలైనది. 1934 ఆగస్టు 19న కార్డినల్ బోర్న్ ఆధ్వర్యమున పదివేలకు మించిన జనము అచ్చట చేరిరి. ఇంగ్లండు కాథలికులకు అది జాతీయక్షేత్రమైనది. ఆంగ్లికన్ సంఘమువారును వెనుకబడలేదు. ఆ గ్రామపు గురువు హోప్ ప్యాటన్ 1922లో మరియమాత ప్రతిమను చేయించి తన దేవాలయమున ప్రతిష్ఠించెను. 1931లో వారు పవిత్ర గృహమును క్రొత్తగా కట్టిరి. కాలిపోయిన ప్రతిమ రూపము వారికెట్లు తెలిసినది? పూర్వపు మఠము పత్రములకు వేయు మైనపు ముద్రలో ఆ రూపముండెను. మహాప్రతిమ మంటలో పోగా, కాగితమునకంటిన మైనము బ్రదికినది. పాత కాగితములను చిత్తుగా భావించి పారవేయు మన కార్యాలయములవారు ఈ సంగతిని ఒక నిమిషము తలంచినచో మేలు.

1948లో యుద్ధానంతర శాంతిని కోరుచు, 14 బరువైన కొయ్యసిలువలను దేశపు పలుదిక్కులనుండి భుజములపై మోసికొని జనులు కాలినడకను వచ్చిరి. 1964లో మూతపడిన గ్రామపు రైలుస్టేషను తరువాత ఆర్థొడాక్స్ క్రైస్తవుల చిన్న ప్రార్థనాలయమైనది. 2015లో పోపు ఫ్రాన్సిస్ చెప్పుల మందిరమునకు బసిలికా గౌరవమిచ్చెను. నేడు ఆ బాటను నడచువారిలో ఆంగ్లేయులేకాక, ఇంగ్లండులో స్థిరపడిన సింహళద్వీపపు తమిళులు, కేరళనుండి వెళ్లిన సీరోమలబారు సంప్రదాయపు కుటుంబములు ఏటేట పెద్ద సంఖ్యలో కానవచ్చుచున్నారు. రిచెల్డిస్ పేరును గాని హెన్రీ పేరును గాని తమ ఇండ్లలో ఎన్నడును వినియుండనివారి మనుమలు నేడు ఆ బాటకు వారసులు.

ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. కాథలికులు గాని ఆంగ్లికన్లు గాని పాత మఠపు శిథిలములను కూలద్రోసి క్రొత్త మహాదేవాలయము లేపలేదు. 1961లో పురావస్తు పరిశోధకులు అచ్చట త్రవ్వి, మహాదేవాలయమునకు ఉత్తరమున పవిత్ర గృహముండిన చోటును గుర్తించిరి. గుర్తించిన పిదప కూడ ఆ చోట పచ్చికయే మొలచినది. జరిగిన అన్యాయము ఆ తోరణము క్రింది ఖాళీస్థలమున అందరికిని కనబడుచునే యున్నది. దానిని కనబడనిచ్చుటయే న్యాయమని వారు భావించినట్లున్నది. ఒకప్పుడు ఒకరినొకరు కాల్చుకొనిన రెండు సంఘములు నేడొక గ్రామములో రెండు మందిరములు పెట్టుకొని, ఒకరి యాత్రికులకు మరియొకరు దారి యిచ్చుచున్నారు. కోల్పోయినదానిని స్మరించుటకు, ఇతరులనుండి ఏదో లాగికొనవలసిన పనిలేదని ఇందువలన తేలుచున్నది.

ఈ వాదమును అంగీకరింపనివారు ఉందురు. యాత్రలను గూర్చి బోధించుట మూఢత్వమును పోషించుట కాదా అని కొందరడుగవచ్చును. ఎరాస్మస్ పరిహాసమును, 1514 నాటి విచారణను దాచిపెట్టి బోధించినచో వారి మాట నిజమగును; వానినికూడ చెప్పినచో విద్యార్థికి విమర్శయు అలవడును, వినయమును అలవడును. శిథిలమును శిథిలముగానే విడుచుట అశ్రద్ధ కాదా అని మరికొందరడుగవచ్చును. కాదు. శిథిలమును కాపాడుటకు క్రొత్తదానిని కట్టుటకంటె ఎక్కువ ఓర్పు కావలెను. పాతరాయి పడిపోకుండ నిలుపుట, దానిమీద సున్నము పూయకుండుట, దాని ముందు శంకుస్థాపన ఫలకములు పాతకుండుట మన దేశమున ఎంత కష్టమో పురావస్తు శాఖలో పనిచేయువారిని అడిగిన చెప్పుదురు.

ఉపాధ్యాయులకు నా విన్నపమొకటే. మీ పాఠశాలకు పరిసరములందు ఏదో ఒక పాత క్షేత్రముండకపోదు. అది గుడి కావచ్చును, దర్గా కావచ్చును, మరియమాత గుడి కావచ్చును, బౌద్ధస్తూపపు దిబ్బ కావచ్చును. విద్యార్థులను అచ్చటికి కొనిపోయి మూడు ప్రశ్నలు వేయుడు. ఇచ్చట ప్రజలు చెప్పు కథ ఏది? రాతిమీదగాని కాగితముమీదగాని ఉన్న సాక్ష్యమేది? ఇచ్చటికి నడచివచ్చెడి మనుష్యులెవరు, ఏల వచ్చుచున్నారు? మొదటి ప్రశ్నకు సమాధానము పూజారినోటనో ముజావరునోటనో గురువునోటనో దొరకును. రెండవదానికి శాసనములలో దొరకును. మూడవదానిని మాత్రము గుడిమెట్లమీద కూర్చున్న వృద్ధురాలిని అడిగి తెలిసికొనవలెను. వెల్స్ పేదరాలి పేరు ఆ అధికారి తన లేఖలో వ్రాయలేదు. మన విద్యార్థులు మన వృద్ధురాండ్ర పేర్లనైనను తమ నోటుపుస్తకములలో వ్రాసికొందురుగాక.